బొమ్మ టోపీ బిగుతు, పాప టోపీ వదులు ఎందుకవుతాయి: చిన్న క్రోషే వస్తువుల కొలతలు, అల్లిక, మరమ్మతులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎలుగుబంటి బొమ్మ తల 36 కుట్లు కాబట్టి టోపీ కూడా 36 కుట్లతో అల్లారు, తలకి ఎక్కడం లేదు. నాలుగేళ్ల పాప తల 50 సెంటీమీటర్లు కాబట్టి సరిగ్గా 50 సెంటీమీటర్ల టోపీ అల్లారు, అది కళ్ల మీదకు జారుతోంది, అంచు అలలు అలలుగా లేస్తోంది. మఫ్లరు ఒక చివర సన్నబడింది. జుట్టుకు పెట్టే బో వాలిపోతోంది. బూట్లు, చెవిదిద్దులు ఇంకా మొదలుపెట్టలేదు.

మీ చేతి అల్లికలో లోపం లేదు. కొలతను ఉన్నదున్నట్టు తీసుకోవడం వల్లే బొమ్మ టోపీ బిగుతై, పాప టోపీ వదులైంది. బొమ్మ చిన్నదైనంత మాత్రాన దారం మందం దానితో పాటు తగ్గదు; మనిషి టోపీ మాత్రం సాగి పట్టుకోవాలి.

బొమ్మ టోపీ లెక్క చూడండి. సన్నటి నూలు దారం, 2.5 మి.మీ. హుక్, బిగుతైన సింగిల్ క్రోషే (పొట్టిగా, గట్టిగా వచ్చే ప్రాథమిక కుట్టు) అయితే ఒక్కో కుట్టు వెడల్పు సుమారు 4 మి.మీ. ఉంటుంది, అల్లిక మందం సుమారు 2.5 మి.మీ. ఉంటుంది. టోపీ కుట్లు తల కుట్ల కన్నా ఒక మందం మేర బయటికి ఉంటాయి. అంటే వ్యాసార్ధం 2.5 మి.మీ. పెరిగింది, చుట్టుకొలత 2 × 3.14 × 2.5, దాదాపు 16 మి.మీ. పెరిగింది. అది 4 కుట్లు. వేసి తీయడానికి వీలుగా ఇంకో 2 కుట్లు వదులు ఇస్తే మొత్తం 6. అందుకే తల, టోపీ ఒకే దారంతో ఒకే హుక్‌తో అల్లినప్పుడు టోపీకి 6 కుట్లు, అంటే ఒక పెంపు రౌండు (కుట్లు పెంచే ఒక చుట్టు), ఎక్కువ వేయాలి. 36 కుట్ల తలకు 42 కుట్ల టోపీ. తల 48 అయితే టోపీ 54. తల ఎంత పెద్దదైనా కలిపేది ఆ 6 మాత్రమే, ఎందుకంటే మందం మారలేదు.

పాప తలకు కూడా మందం వల్ల చుట్టుకొలత పెరుగుతుంది, కానీ అది సుమారు సెంటీమీటరున్నరే. 50 సెంటీమీటర్లలో అది మూడు శాతం దగ్గరే. బొమ్మ తల మీద అదే పది శాతం దాటుతుంది. పైగా మనిషి టోపీ సాగాలి, సాగి పట్టుకోవాలి. గట్టిగా దూది కూరిన బొమ్మ తల కదలదు, టోపీని జారనివ్వదు. పాప పరుగెత్తుతుంది, వంగుతుంది, జుట్టు నున్నగా ఉంటుంది. కాబట్టి మనిషికి అల్లే టోపీ తల కన్నా 3 నుంచి 5 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. 50 సెంటీమీటర్ల తలకు 46 మంచి కొలత.

మీరు వాడుతున్న సూచనల్లో పేర్లు అమెరికా పద్ధతిలో ఉన్నాయా, బ్రిటన్ పద్ధతిలో ఉన్నాయా ముందు చూసుకోండి. అమెరికా సింగిల్ క్రోషేనే బ్రిటన్‌లో డబుల్ అంటారు, అమెరికా డబుల్‌ను ట్రెబుల్ అంటారు. ఈ ఒక్క పొరపాటుతో బొమ్మ బూటు గిన్నెంత అవుతుంది. నేను రాసేవన్నీ అమెరికా పేర్లు. పెంపు అంటే ఒకే కుట్టులో రెండు సింగిల్స్. తగ్గింపు అంటే రెండు కుట్లను కలిపి ఒకటి చేయడం. బొమ్మలకు ముందు వైపు లూపులు (కుట్టు పై అంచున ఉండే రెండు దారాల్లో మన వైపుది) మాత్రమే పట్టుకుని తగ్గిస్తే కన్నం కనిపించదు.

దారం, హుక్

లేబుల్ మీద రాసిన హుక్ సైజు ధరించే వస్తువులకు ఉద్దేశించింది. బొమ్మకు అంతకన్నా 1 నుంచి 1.5 మి.మీ. చిన్న హుక్ వాడతాం, దూది బయటికి కనిపించకుండా, ఆకారం నిలబడేలా. లేబుల్ 4 మి.మీ. అంటే బొమ్మకు 2.5 లేదా 3, పాప టోపీకి 4, మెడకు చుట్టుకునే మఫ్లరుకు 4.5. అదే ఉండ, అదే చెయ్యి, కానీ మూడు రకాల బట్ట తయారవుతుంది. బొమ్మకు పనికొచ్చిన బిగుతు మెడకు అట్టముక్కలా తగులుతుంది.

బొమ్మ తొడుగులకు మెర్సరైజ్డ్ నూలు (మెరుపు, బలం వచ్చేలా శుద్ధి చేసినది) నాకు ఇష్టం. కుట్లు విడివిడిగా కనిపిస్తాయి, పోగులు లేవవు, విప్పి అల్లినా త్వరగా పాడవదు. కానీ నూలుకు సాగి వెనక్కి వచ్చే గుణం తక్కువ. నూలుతో అల్లిన తలపట్టీ ఉదయం బిగుతుగా ఉండి సాయంత్రానికి వదులైపోతుంది. టోపీకి, తలపట్టీకి మెత్తటి యాక్రిలిక్ లేదా ఊలు కలిసిన దారం మేలు. నుదుటికి, మెడకు తగిలే చోట ముతక ఊలు దురద పెడుతుంది. ఉండను ఒక నిమిషం మెడకు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. మఖ్మల్ లాంటి వెల్వెట్ దారం చూడముచ్చటగా ఉంటుంది గాని కుట్టు కంటికి కనిపించదు, వేలితో తడిమి లెక్కపెట్టాలి. విప్పితే పోగులు రాలి నడుమ దారం బయటపడుతుంది. 42 కుట్ల టోపీని ఒకటికి రెండుసార్లు విప్పాల్సి రావచ్చు, కాబట్టి మొదట్లో దాని జోలికి వెళ్లకండి.

చెవిదిద్దులకు సన్నటి క్రోషే దారం కావాలి. ఈ దారానికి నంబరు పెరిగేకొద్దీ సన్నమవుతుంది: 10 కన్నా 20 సన్నం, 20 కన్నా 40 సన్నం. 10 నంబరుకు 1.25 నుంచి 1.5 మి.మీ. స్టీలు హుక్ సరిపోతుంది.

ముదురు ఎరుపు, నీలం, నలుపు నూలు రంగు దిగుతుందేమో అల్లడానికి ముందే చూడాలి. ఒక మూర ముక్కను గోరువెచ్చటి నీళ్లలో తడిపి తెల్లగుడ్డ మధ్య నొక్కి ఉంచండి. గుడ్డకు అంటితే ఆ దారాన్ని తెల్ల బొమ్మ మెడకు చుట్టకండి. ఉతికాక మెడ చుట్టూ పడ్డ ఎర్ర గీత పోదు.

బొమ్మ టోపీ, 36 కుట్ల తలకు

రౌండ్లను కలపకుండా చుట్టూ అల్లుకుంటూ పోయే పద్ధతి ఇది. ప్రతి రౌండు మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క పెట్టుకోండి.

1వ రౌండు: మ్యాజిక్ రింగ్‌లో (కొస లాగితే బిగిసే దారపు ఉంగరంలో) 6 సింగిల్స్. మొత్తం 6.
2: ప్రతి కుట్టులో పెంపు. మొత్తం 12.
3: 1 సింగిల్, 1 పెంపు, ఇలా 6 సార్లు. మొత్తం 18.
4: 1 సింగిల్, 1 పెంపు, 1 సింగిల్; 6 సార్లు. మొత్తం 24.
5: 3 సింగిల్స్, 1 పెంపు, 6 సార్లు. మొత్తం 30.
6: 2 సింగిల్స్, 1 పెంపు, 2 సింగిల్స్; 6 సార్లు. మొత్తం 36.
7: 5 సింగిల్స్, 1 పెంపు, 6 సార్లు. మొత్తం 42.
8 నుంచి 11: పెంపు లేకుండా 42.

4, 6 రౌండ్లలో పెంపు మధ్యలోకి ఎందుకు జరిపానంటే, పెంపులన్నీ ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం పోయి ఆరు మూలల ఆకారం వస్తుంది. పెద్ద టోపీలో అది అంతగా కనిపించదు. 42 కుట్ల టోపీలో మూలలు స్పష్టంగా పొడుచుకొస్తాయి.

11 తర్వాత ఆగి బొమ్మకు పెట్టి చూడండి. కనుబొమల స్థాయికి రావాలి. తక్కువైతే ఒక రౌండు, మహా అయితే రెండు కలపండి. అంచు బయటికి వాలాలంటే 12వ రౌండులో ముందు లూపులు మాత్రమే పట్టుకుని 6 సింగిల్స్, 1 పెంపు ఆరుసార్లు వేయండి, 48 అవుతాయి. ఆపైన ఒక రౌండు స్లిప్ స్టిచ్ (దాదాపు ఎత్తు లేని కుట్టు) వేసి ముగించండి. స్లిప్ స్టిచ్‌లు వదులుగా వేయాలి. బిగిస్తే అంచు మొత్తం లోపలికి ముడుచుకుని మీ పాత సమస్య మళ్లీ వస్తుంది.

బొమ్మ చెవులు టోపీ నుంచి బయటికి రావాలంటే చెవి అడుగు ఎన్ని కుట్ల వెడల్పో చూడండి. 6 కుట్లనుకుంటే, చెవి తగిలే రౌండులో 6 చైన్లు (గొలుసు కుట్లు) వేసి 6 కుట్లు వదిలి ముందుకు వెళ్లండి, తర్వాతి రౌండులో ఆ చైన్ల మీద 6 సింగిల్స్ వేయండి. చైన్ ఎప్పుడూ మామూలు కుట్టు కన్నా బిగుతుగా వస్తుంది కాబట్టి ఆ 6 చైన్లు వేసేటప్పుడు మాత్రం అర మి.మీ. పెద్ద హుక్ తీసుకోండి. చెవుల స్థానం లెక్కతో తేలదు. టోపీని బొమ్మకు పెట్టి పిన్నులతో గుర్తు పెట్టుకోవాల్సిందే. సింగిల్ క్రోషే చుట్లు కుడిచేతివాళ్లకు కొంచెం కుడివైపు వాలుతూ పోతాయి, అందువల్ల రౌండు మొదలు నిట్టనిలువుగా ఉండదు. సూచనల్లో ఉన్న అంకెను నమ్మి కన్నం పెడితే ఒక చెవి ముందుకు, ఒకటి వెనక్కి పోతాయి.

ఇంకొకటి. దారాన్ని హుక్ పైనుంచి వేసి లాగితే కుట్టు V లాగా కనిపిస్తుంది, దారాన్ని హుక్ కింద ఉంచి పట్టి లాగితే X లాగా కనిపిస్తుంది. రెండోది బిగుతు, వాలు కూడా తక్కువ. ఏదైనా మంచిదే, కానీ తల ఒక రకంగా టోపీ ఇంకో రకంగా అల్లితే ఆ 6 కుట్ల లెక్క పనిచేయదు.

బొమ్మ కొన్నదైతే, దాని కుట్లు మనకు తెలియవు. అప్పుడు టేపుతో తల కొలిచి 1 సెంటీమీటరు కలపండి. 30 సెంటీమీటర్ల తల, 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడే మీ అల్లిక అయితే 31 సెంటీమీటర్లకు 62 కుట్లు. 62ని 6 సరిగ్గా భాగించదని కంగారు పడకండి. 60 దాకా మామూలుగా పెంచి, తర్వాతి రౌండులో ఎదురెదురుగా 2 పెంపులు వేస్తే చాలు.

పాప టోపీ

ఇక్కడ నమూనా ముక్క తప్పనిసరి. 15 సెంటీమీటర్ల ముక్క అల్లి, అంచులు వదిలి మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవండి. హాఫ్ డబుల్‌తో (సింగిల్‌కూ డబుల్‌కూ మధ్య ఎత్తున్న కుట్టుతో) 10 సెంటీమీటర్లకు 14 కుట్లు, 11 వరుసలు వచ్చాయనుకుందాం. 46 సెంటీమీటర్లకు 64 కుట్లు. హాఫ్ డబుల్ సింగిల్ కన్నా ఎత్తు, కాబట్టి ప్రతి రౌండులో 6 కాదు, 8 పెంచాలి: రింగ్‌లో 8తో మొదలై 16, 24, 32, 40, 48, 56, 64. ఎనిమిది రౌండ్లకు చదునైన చక్రం వస్తుంది. దాని వ్యాసం 46 ÷ 3.14, అంటే 14.6 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. ఆ తర్వాత పెంపు లేకుండా, మొత్తం లోతు సుమారు 18 సెంటీమీటర్లు వచ్చేదాకా, అంటే ఇంకో 11 లేదా 12 రౌండ్లు.

చక్రం అల్లేటప్పుడు బల్ల మీద పెట్టి చూస్తూ ఉండండి. గిన్నెలా లోపలికి వంగితే పెంపులు చాలలేదు, లేదా చెయ్యి బిగిసింది. అంచు అలలు పడితే పెంపులు ఎక్కువయ్యాయి, లేదా కుట్టు ఎత్తు తక్కువగా ఉంది. సింగిల్‌కు 6, హాఫ్ డబుల్‌కు 8, డబుల్‌కు 12 అన్నవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు మాత్రమే. కుట్టును పొడుగ్గా లాగే చేతికి కొంచెం ఎక్కువ, పొట్టిగా బిగించే చేతికి కొంచెం తక్కువ పడతాయి.

చక్రం చదునుగా వచ్చి, నిలువు గోడ కూడా నిటారుగా వచ్చి, చివరి అంచు మాత్రమే అలలు పడుతోందంటే కారణం వేరు. అంచుకు సింగిల్ వేసి ఉంటారు, హుక్ మార్చి ఉండరు. సింగిల్ అంచు సాగదు, కింద ఉన్న మెత్తటి అల్లికను బయటికి తోస్తుంది. చివరి రెండు మూడు రౌండ్లు అర మి.మీ. నుంచి 1 మి.మీ. చిన్న హుక్‌తో అల్లండి. ఇంకా మంచి మార్గం, అంచును విడిగా పట్టీలా అల్లడం: 7 కుట్ల వెడల్పుతో, వెనక లూపులు మాత్రమే పట్టుకుని సింగిల్ వరుసలు అటూ ఇటూ అల్లుకుంటూ పోతే గీతలు గీతలుగా సాగే పట్టీ వస్తుంది. దాన్ని 43, 44 సెంటీమీటర్ల దగ్గర ఆపి, రెండు చివరలు కుట్టి, టోపీకి కొంచెం సాగదీస్తూ కుట్టండి. తలపట్టీ కూడా ఇదే పద్ధతిలో వస్తుంది, వెడల్పు మాత్రం 10 కుట్లు, పొడవు తల చుట్టుకొలతలో సుమారు పదో వంతు తక్కువ.

మఫ్లరు ఎందుకు సన్నబడింది

కొన్ని వరుసల్లో ఒక్కో కుట్టు పోతోంది. 60 కుట్ల శాలువలో మూడు పోయినా ఎవరికీ తెలియదు. 6 కుట్ల మఫ్లరులో ఒకటి పోతే వెడల్పులో ఆరో వంతు పోయినట్టే. పోయేది దాదాపు ఎప్పుడూ వరుస చివరి కుట్టే. అది పక్కకు ఒరిగి, తిరుగు చైన్ (వరుస తిప్పేటప్పుడు ఎత్తు కోసం వేసే చైన్) వెనక దాక్కుంటుంది. సింగిల్ అల్లికలో తిరుగు చైన్ 1, అది కుట్టుగా లెక్కకు రాదు, మొదటి కుట్టు మొదటి కుట్టులోనే పడాలి. హాఫ్ డబుల్‌లో కొందరు తిరుగు చైన్ 2ను కుట్టుగా లెక్కిస్తారు, కొందరు లెక్కించరు. ఒక వరుసలో లెక్కించి ఇంకో వరుసలో మరిచిపోతే సన్నబడటమో వెడల్పవడమో ఖాయం. నా సలహా, హాఫ్ డబుల్‌కూ చైన్ 1 వేసి, లెక్కించకుండా, మొదటి కుట్టులోనే మొదలుపెట్టండి. మొదటి నాలుగు వరుసలు ప్రతి వరుస మొదటి కుట్టుకూ చివరి కుట్టుకూ గుర్తు తగిలించుకుంటే కన్ను అలవాటు పడిపోతుంది.

బొమ్మ మఫ్లరుకు అసలు అడ్డంగా అల్లకండి, పొడవుగా అల్లండి. వరుస తిప్పే చోట్లు రెండే ఉంటాయి, తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. తల చుట్టుకొలత 15 సెంటీమీటర్లు ఉన్న బొమ్మకు 30 సెంటీమీటర్ల పొడవు బాగుంటుంది: 77 చైన్లు వేసి, హుక్ నుంచి మూడో చైన్‌లో మొదలుపెట్టి 75 హాఫ్ డబుల్స్. అలా మూడు వరుసలు. 2.5 హుక్‌తో అల్లుతుంటే మొదటి చైన్లు మాత్రం 3 లేదా 3.5తో వేయండి, లేకపోతే చైన్ అంచు పొట్టిదై మఫ్లరు విల్లులా వంగుతుంది. మూడు వరుసలే ఎందుకంటే, అల్లిన బొమ్మలకు మెడ దాదాపు ఉండదు. మఫ్లరు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు దాటిందంటే గడ్డం పైకి లేచి తల వెనక్కి వాలుతుంది. రెండు చుట్లు చుట్టే ఆలోచన కూడా వద్దు. మందం సమస్య అక్కడా ఉంది. మఫ్లరు చివర కుచ్చులు కావాలంటే బొమ్మకు దారంలో పోగులు విడదీసి సగం మందంతో కట్టండి.

పాపకు పొడవాటి మఫ్లరు కన్నా రెండు చివరలు కలిపేసిన గొట్టం లాంటిది మేలు. దానికి చుట్టుకొలత తల కన్నా ఎక్కువ కావాలి, 54 సెంటీమీటర్లు వేసుకోండి. ఆడుకునే పిల్లల మెడకు వేలాడే కొసలు దేనికైనా చిక్కుకుంటాయి.

బూట్లు

ఇక్కడా అదే 6 కుట్ల సూత్రం. బొమ్మ పాదం అడుగు 16 కుట్ల కోడిగుడ్డు ఆకారం అయితే, తీసి వేసుకునే బూటు అడుగు 22 కుట్లు.

5 చైన్లు వేయండి. హుక్ నుంచి రెండో చైన్‌లో మొదలుపెట్టి 3 సింగిల్స్, చివరి చైన్‌లో 3, తిరిగి చైన్ రెండో వైపున 2, చివరి దాంట్లో 2. మొత్తం 10.
2వ రౌండు: 1 పెంపు, 2 సింగిల్స్, 3 పెంపులు, 2 సింగిల్స్, 2 పెంపులు. మొత్తం 16.
3: 1 సింగిల్, 1 పెంపు, 2 సింగిల్స్, (1 సింగిల్, 1 పెంపు) మూడుసార్లు, 2 సింగిల్స్, (1 సింగిల్, 1 పెంపు) రెండుసార్లు. మొత్తం 22.
4: వెనక లూపుల్లో 22 సింగిల్స్.
5: 22 సింగిల్స్.
6: 5 సింగిల్స్, 2 తగ్గింపులు, 1 సింగిల్, 2 తగ్గింపులు, 8 సింగిల్స్. మొత్తం 18.

నాలుగో రౌండులో వెనక లూపులు పట్టుకోవడం వల్ల అడుగుకూ గోడకూ మధ్య పదునైన మడత వస్తుంది, బొమ్మ నిలబడుతుంది. ఆరో రౌండులో తగ్గింపులన్నీ వేళ్ల వైపు రావాలి. నేను చెప్పిన వాలు వల్ల అప్పటికి మొదలు ఒకటి రెండు కుట్లు పక్కకు జరిగి ఉండొచ్చు. అందుకని అడుగు పూర్తవగానే వేళ్ల వైపు నడిమి కుట్టుకు గుర్తు పెట్టి, తగ్గింపుల మధ్యలో ఉన్న ఆ ఒక్క సింగిల్ దానికి నేరుగా పడేలా సర్దుకోండి. రెండు బూట్లనూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి అల్లడం మంచిది. రోజు మారితే చేతి బిగువు మారుతుంది, 22 కుట్ల వస్తువులో ఆ తేడా తెలుస్తుంది.

వాలిపోయే బో

ఒంటి పొర బో వాలిపోతుంది. జుట్టు బోను గొట్టంలా అల్లండి. మధ్యస్థ నూలు దారం, 3 మి.మీ. హుక్ తీసుకుని 40 చైన్లు వేసి, మెలి పడకుండా స్లిప్ స్టిచ్‌తో కలిపి, 12 రౌండ్లు సింగిల్ అల్లి, చదును చేస్తే సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న రెండు పొరల ముక్క వస్తుంది. నడుమను ముందు సూదిదారంతో రెండు మడతలుగా కుచ్చి బిగించండి. ఆ తర్వాతే పై దారాన్ని 12 నుంచి 15 చుట్లు చుట్టండి. ముందు కుచ్చకుండా నేరుగా చుట్టేస్తే మడతలు జారి నడుమ బొద్దుగా తయారవుతుంది. దారం కొసలన్నీ రెండు పొరల మధ్య దాగిపోతాయి, అది ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి.

బొమ్మ చెవికి పెట్టే చిన్న బోకు ఈ గొట్టం పనికిరాదు, మందం మింగేస్తుంది. దానికి మ్యాజిక్ రింగ్‌లో 4 చైన్లు, 3 ట్రెబుల్స్, 4 చైన్లు, రింగ్‌లోకి స్లిప్ స్టిచ్. మళ్లీ అదే వరుస ఇంకోసారి. ఈ ట్రెబుల్ అమెరికా పేరు, అంటే దారాన్ని హుక్‌కు రెండుసార్లు చుట్టి వేసేది. రింగ్ బిగించి, తోకను నడుమ 6 నుంచి 8 సార్లు చుట్టి వెనక ముడేయండి.

క్లిప్పుకు జిగురు ఒక్కదాన్నే నమ్మకండి. వేడి జిగురు లోహం మీద నుంచి పెచ్చులా ఊడుతుంది. క్లిప్పు పైభాగానికి రిబ్బన్ చుట్టి అంటించి, బోను ఆ రిబ్బన్‌కు, వెనక ఒక ఫెల్ట్ ముక్కతో కలిపి సూదితో కుట్టండి. 5 సెంటీమీటర్ల క్లిప్పు 10 సెంటీమీటర్ల బోను మోస్తుంది. పల్చటి జుట్టుకు బోను మూడో వంతు తగ్గించండి.

చెవిదిద్దులు

25 మి.మీ. వ్యాసం ఉన్న లోహపు రింగ్ చుట్టూ 10 నంబరు దారంతో 36 సింగిల్స్ వేయండి. లోహం అక్కడక్కడ కనిపిస్తే 42కు పెంచండి. కుట్లు ఒకదాన్నొకటి తోసుకుని రింగ్ మీద మెలి తిరుగుతుంటే ఎక్కువయ్యాయని అర్థం. మొత్తాన్ని 6తో భాగించగలిగేలా ఉంచుకోండి, ఎందుకంటే రెండో రౌండులో ఒక్కో రేకకు 6 కుట్లు కావాలి: 2 వదిలి, మూడో దాంట్లో 5 డబుల్స్, 2 వదిలి, తర్వాతి దాంట్లో 1 సింగిల్. 36 కుట్లకు ఆరు రేకలు. రెండో దిద్దు కూడా అదే ఉండ నుంచే అల్లండి, రంగు ఛాయ కలుస్తుంది.

రేకలు నిలబడటానికి తెల్లటి పీవీఏ జిగురు, నీళ్లు సమపాళ్లలో కలిపి, దిద్దును ముంచి, పిండి, ప్లాస్టిక్ కాగితం పరిచిన అట్ట మీద తుప్పు పట్టని పిన్నులతో సాగదీసి ఒక రోజంతా ఆరనివ్వండి. గంజి కూడా పనిచేస్తుంది, కానీ చెమటకు, తడిగాలికి మెత్తబడుతుంది. పంచదార పాకం చీమలను పిలుస్తుంది, వద్దు. కొక్కెం తగిలించే చిన్న రింగ్‌ను అటూ ఇటూ లాగి తెరవకూడదు. రెండు పటకార్లతో ఒక కొసను ముందుకు, ఒక కొసను వెనక్కి తిప్పి తెరిచి, అలాగే మూయాలి. లాగి తెరిచినది మళ్లీ సరిగ్గా మూసుకోదు, దారం ఆ సందులోంచి జారిపోతుంది.

కొసలు, గుండీలు, భద్రత

ప్రతి చోటా కనీసం 15 సెంటీమీటర్ల కొస వదలండి. మొద్దు మొన సూదితో ఒక దిశలో, వెనక్కి, మళ్లీ ముందుకు, మూడుసార్లు కుట్ల లోపలి నుంచి పోనివ్వండి. నూలు నున్నన, ఒకే దిశలో దాచిన కొస రెండో ఉతుకుకే బయటికి వస్తుంది.

బొమ్మ గానీ దాని తొడుగులు గానీ మూడేళ్ల లోపు పిల్లల చేతికి వెళ్తాయంటే గుండీలు, పూసలు, గంటలు ఏవీ పెట్టకండి. కన్నూ ముక్కూ గుండీ రూపాన్నీ దారంతోనే కుట్టండి. బొమ్మల భద్రతా పరీక్షల్లో చిన్న భాగాల కోసం వాడే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. అందులో పూర్తిగా పట్టేసే వస్తువు ఆ వయసు పిల్లలకు గొంతులో అడ్డుపడగలదని లెక్క. మనం అల్లిన చిన్న బో, ఒక్కో బూటు దాదాపు ఆ కొలతలోకే వస్తాయి. మీ పాపకు నాలుగేళ్లు కాబట్టి తీసి వేసుకునే బూట్లు ఇవ్వొచ్చు, ఇంట్లో పసిపిల్లలు ఉంటే మాత్రం బూట్లను కాళ్లకు, బోను చెవికి ఊడకుండా చుట్టూ కుట్టేయండి.

ఉతకడం చేత్తో, గోరువెచ్చటి నీళ్లలో, 30 డిగ్రీలు దాటకుండా. యాక్రిలిక్‌కు ఇస్త్రీ తగిలితే దాని పొంగు పోయి జారుడుగా, చదునుగా అయిపోతుంది, మళ్లీ మామూలుగా కాదు. ఊలును వేడినీళ్లలో రుద్దితే కుదించుకుపోతుంది.

ఇప్పటికే అల్లినవి

అన్నీ విప్పాల్సిన పని లేదు. బొమ్మ టోపీని 36 కుట్ల పెంపు రౌండు వరకు విప్పి, 42 రౌండు కలిపి కిందికి అల్లుకు రండి. పాప టోపీకి అంచు నుంచి నాలుగు రౌండ్లు విప్పి, ఒక రౌండులో సమాన దూరంలో 6 తగ్గింపులు వేసి, మిగతా మూడు రౌండ్లూ అర మి.మీ. చిన్న హుక్‌తో అల్లండి. పైభాగం కాస్త వదులుగానే ఉంటుంది, కానీ అంచు పట్టుకుంటుంది కాబట్టి జారదు. మఫ్లరును సన్నబడటం మొదలైన వరుస దాకా విప్పండి; విప్పిన దారం వంకరలు పోవాలంటే కుర్చీ వీపుకు చుట్ట చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి, పూర్తిగా ఆరాక అల్లండి, లేకపోతే ఆ వంకర దారంతో కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. బోను మాత్రం విప్పక్కర్లేదు. అదే కొలతలో ఇంకో ముక్క అల్లి, రెంటినీ వీపులు కలిపి చుట్టూ స్లిప్ స్టిచ్ వేస్తే రెండు పొరలూ కలిసిపోతాయి, ఆ తర్వాత నడుము కుచ్చుకోండి.